87వ జార్‌లోని గుడ్డ పట్టీ

పేరు, ఊరు, పనిచేసే కళాశాల ఏదీ బయటపెట్టవద్దని కోరుతూ ఒక పాఠకురాలు సుదీర్ఘమైన ఉత్తరం రాశారు. ఆమె ఒక వైద్య కళాశాలలో, అనాటమీ (శరీర నిర్మాణ శాస్త్రం) విభాగంలో అసిస్టెంట్ ప్రొఫెసర్. చేరి ఎనిమిది నెలలయింది. మ్యూజియం చూసుకునే సీనియర్ అధ్యాపకుడు పదవీ విరమణ చేయడంతో ఆ తాళాలు ఆమె చేతికి వచ్చాయి. లోపల బోధన కోసం శరీర భాగాలను (స్పెసిమెన్లను) ద్రవంలో నిలవచేసిన జార్లు సుమారు 200 ఉన్నాయి. చాలా జార్లలో ద్రవం పసుపు రంగుకు తిరిగింది, కొన్నింటిలో మట్టం దిగిపోయి స్పెసిమెన్ల పైభాగం గాలికి ఎండుతోంది. రిజిస్టర్‌లో మొదటి పేజీలు లేవు. ఉన్న పేజీల్లోనూ సగం సంఖ్యలు జార్ల మీది సంఖ్యలతో కలవడం లేదు.

ద్రవం మార్చే పని మొదలుపెట్టి 87వ జార్ దగ్గరికి వచ్చేసరికి ఆమె ఆగిపోయారు. అందులో ఉన్నది నెలలు నిండిన ఆడశిశువు. కపాలం పైభాగమూ మెదడులో ఎక్కువ భాగమూ ఏర్పడని స్థితి, అంటే అనెన్‌సెఫలీ. శిశువును కాస్త పక్కకు తిప్పినప్పుడు, కుడి మణికట్టుకు చుట్టి దారంతో రెండు కుట్లు వేసిన తెల్లని గుడ్డ పట్టీ కనిపించింది. దాని మీద పెన్సిల్‌తో రాసిన ఒక స్త్రీ పేరు, మంచం సంఖ్య ఇప్పటికీ చదవడానికి వీలుగానే ఉన్నాయి. ఆ సంగతి విభాగాధిపతికి చెబితే, "ఆ పట్టీ తీసేసి, కొత్త ఫార్మలిన్ పోసి, కొత్త లేబుల్ అంటించండి. పాత విషయాలు తవ్వుకుంటూ కూర్చుంటే మ్యూజియం మొత్తం ఖాళీ చేయాల్సి వస్తుంది" అన్నారట. చాలా ఏళ్లుగా అక్కడ పనిచేస్తున్న అటెండర్ మాత్రం, "ఎవరికీ చెప్పకండి మేడమ్, ఒకరోజు తెల్లవారుజామున నేనే తీసుకెళ్లి పూడ్చిపెట్టి వస్తాను" అన్నారట. ఇంకో రెండు నెలల్లో కళాశాల వార్షికోత్సవం ఉంది. అప్పుడు మ్యూజియాన్ని బడిపిల్లలకూ సాధారణ ప్రజలకూ తెరవాలని నిర్ణయించారు.

ఈ పాఠకురాలు మూడేళ్ల కిందట ఏడో నెలలో తన బిడ్డను పోగొట్టుకున్నారు. "నేను చూస్తున్నది స్పెసిమెన్‌నా, నా బిడ్డనా అన్నది నాకే తెలియడం లేదు" అని రాశారు. ఆమె ప్రశ్నలు నాలుగు. ఆ శిశువును మ్యూజియంలో ఉంచడం తప్పా? ఆ తల్లిని వెతకాలా? ప్రదర్శన రోజున ఏం చేయాలి? అసలు తన దుఃఖం వల్ల చిన్న విషయాన్ని పెద్దది చేస్తున్నారా?

సమాధానం

మీరు చివర అడిగిన ప్రశ్నకు ముందుగా జవాబు చెబుతాను. అది తేలకపోతే మిగిలిన మూడింటికీ నేను ఏం చెప్పినా మీ మనసు దాన్ని నమ్మదు. బిడ్డను పోగొట్టుకున్నవారు కాబట్టే ఆ పట్టీ మీ కంటపడి ఉండవచ్చు. మీకంటే ముందు ఆ జార్ మూత తీసి మళ్లీ బిగించినవాళ్లు ఎవరో ఒకరు ఉండే ఉంటారు. వాళ్ల కంటికి అది ఆనలేదు, ఆనినా చేయి ఆగలేదు. అంతమాత్రాన ఆ పట్టీ మీ దుఃఖం కల్పించినది కాదు. అది అక్కడ ఉంది, దాని మీద ఒక మనిషి పేరు ఉంది. దుఃఖం మిమ్మల్ని ఆ జార్ దగ్గర ఆపింది, అంతే. ఆగిన తరువాత మీరు అడిగిన ప్రశ్నలు ఏ దుఃఖమూ లేని అధ్యాపకులు కూడా అడగవలసినవే.

ఒక్క విషయంలో మాత్రం జాగ్రత్తగా ఉండమంటాను. "ఆ తల్లి ఇన్నేళ్లూ తన బిడ్డను ఎక్కడ పెట్టారో అని తల్లడిల్లుతూనే ఉండి ఉంటుంది" అని రాశారు. అది మనకు తెలియదు. ఆమె తెలిసే ఇచ్చి ఉండవచ్చు, ఎవరూ అడగకుండానే తీసుకుని ఉండవచ్చు. బిడ్డ ముఖం చూడలేక ఆసుపత్రికి వదిలేసి ఉండవచ్చు, చూస్తానని బతిమాలితే చూపించకుండా ఉండి ఉండవచ్చు. పట్టీ ఉంది కాబట్టి బిడ్డ ప్రాణంతో పుట్టిందని కూడా అనుకోకండి. అనెన్‌సెఫలీ ఉన్న శిశువుల్లో చాలామంది చనిపోయే పుడతారు, ప్రాణంతో పుట్టినా కొన్ని గంటలో, కొద్ది రోజులో మాత్రమే బతుకుతారు. చనిపోయి పుట్టినా, ప్రాణంతో పుట్టినా పట్టీ కట్టి ఉండవచ్చు. ఆ తల్లి మనసులో ఏముందో మీరు నింపేయకుండా ఆ చోటును ఖాళీగానే ఉంచండి. ఈ వ్యవహారం మొత్తంలో మీరు తీసుకునే నిర్ణయాలు ఆ ఖాళీని గౌరవించేవిగా ఉండాలి.

ఇక ఉంచుకోవడం తప్పా అన్న ప్రశ్న. నేనూ 20 ఏళ్లకు పైగా అనాటమీ బోధించినదాన్ని. విద్యార్థినిగా నేను బొమ్మ గీసిన ఇలాంటి జార్ మీది ఇంగ్లీషు లేబుల్‌కు 'రాక్షస శిశువు' అని అర్థం. తరగతిలో ఒక్కరం కూడా ఆ మాట దగ్గర ఆగలేదు. అందువల్ల ఈ విషయంలో నేను ఎవరి మీదా తీర్పు చెప్పే స్థానంలో లేను, కానీ ఈ సీసాలు మన అలమారాల్లోకి ఎలా వచ్చాయో మీకు చెప్పగలను.

మనిషి శరీర భాగాలను సారాయి లాంటి ద్రవాల్లో నిలవచేయడం పదిహేడో శతాబ్దంలో మొదలైంది. 1717లో రష్యా చక్రవర్తి పీటర్ ఆమ్‌స్టర్‌డామ్‌కు చెందిన అనాటమిస్టు ఫ్రెడరిక్ రూయిష్ సేకరణను మొత్తంగా కొనుక్కుపోయాడు. అందులో శిశువుల స్పెసిమెన్లు ఎన్నో ఉన్నాయి. కోసిన అంచులు కనిపించకుండా రూయిష్ వాటికి లేసు అల్లికలు తొడిగించేవాడు. ఆ లేసు చూసేవాళ్ల కోసం. మీ జార్‌లోని పట్టీ ఎవరూ చూడాలని కట్టింది కాదు. ఈ బిడ్డ ఫలానా తల్లి బిడ్డ, తారుమారు కాకూడదు అని ప్రసూతి వార్డులో ఎవరో సూదీ దారం తీసుకుని రెండు కుట్లు వేశారు. మీరు ఉత్తరంలో కుట్లు రెండని లెక్కపెట్టి రాశారు. నేను ఆ వాక్యం దగ్గర చాలాసేపు ఆగాను.

శరీరాలు ఎవరివి అన్న ప్రశ్నకు చాలాకాలం ఒకటే జవాబు ఉండేది: పేదవాళ్లవి, దిక్కులేనివాళ్లవి. 1828లో ఎడిన్‌బరోలో బర్క్, హేర్ అనే ఇద్దరు అనాటమీ బోధించే డాక్టరుకు శవాలు అమ్ముకోవడానికి 16 మందిని చంపారు. ఆ తరువాత 1832లో బ్రిటన్ చేసిన చట్టం హత్యలకూ శవాల దొంగతనాలకూ అడ్డుకట్ట వేసింది గానీ, పేదల ఆశ్రయ గృహాల్లోనూ ఆసుపత్రుల్లోనూ చనిపోయి ఎవరూ అడగనివాళ్ల శరీరాలను కళాశాలలకు ఇవ్వడాన్ని చట్టబద్ధం చేసింది. అడగడానికి ఎవరూ రాకపోతే ఒప్పుకున్నట్టే అన్న లెక్క అలా స్థిరపడింది. చనిపోయి పుట్టిన శిశువుల విషయంలో అది మరింత సులువయింది. ఇరవయ్యో శతాబ్దంలో చాలాకాలం, చాలాచోట్ల, అలాంటి బిడ్డను తల్లికి చూపించకపోవడమే ఆమెకు మేలని వైద్యులు నమ్మారు. "మేం చూసుకుంటాం, మీరు ఇంటికి వెళ్లండి" అన్న మాటతో ఎన్నో జార్లు నిండాయి. శరీరదానం బతికుండగా తెలిసి, రాతపూర్వకంగా ఇచ్చిన సమ్మతి మీదే ఆధారపడాలని అంతర్జాతీయ అనాటమిస్టుల సంఘాల సమాఖ్య సిఫార్సు చేసింది 2012లోనే. అంటే మన అలమారాలు నిండిన తరువాత చాలా ఏళ్లకు.

అందువల్ల 87వ జార్ చట్టాన్ని మీరి వచ్చి ఉండకపోవచ్చు. "ఆ రోజుల్లో అందరూ అలాగే చేశారు" అన్న మాట నిజమే కావచ్చు. కానీ ఆ మాట జార్‌ను నింపిన వ్యక్తికి జవాబు అవుతుంది తప్ప, పేరు చదివిన తరువాత తాళం చేతిలో పట్టుకున్న మీకు కాదు. ఎలా వచ్చింది అన్నదానికి మీరు బాధ్యులు కారు. ఇకముందు దాన్ని ఎలా ఉంచుతారు అన్నదానికి మాత్రం మీరు కూడా బాధ్యులే. ఈ రెండింటినీ కలిపేసుకున్నందువల్లే మీకు రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదని నాకు అనిపిస్తోంది.

ఉంచుకోవడానికి కారణం లేదని మాత్రం అనలేను. న్యూరల్ ట్యూబ్ (పిండంలో మెదడుగా, వెన్నుపాముగా మారే గొట్టం) పైభాగం గర్భం దాల్చిన తరువాత 25వ రోజు ప్రాంతంలో మూసుకోవాలి. చాలామంది స్త్రీలకు తాము గర్భవతులమని అప్పటికి తెలియను కూడా తెలియదు. అది మూసుకోకపోతే ఏమవుతుందో పుస్తకంలో చదవడం వేరు. కళ్లు ఎందుకు ముందుకు పొడుచుకు వచ్చినట్టున్నాయో, మెడ ఎందుకు పొట్టిగా ఉందో, మెదడు లేకపోతే మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్ గ్రంథులు కూడా ఎందుకు చిన్నవిగా మిగిలిపోతాయో ఒక శిశువు ముందు నిలబడి అర్థం చేసుకోవడం వేరు. గర్భానికి ముందు నుంచే ఫోలిక్ యాసిడ్ తీసుకుంటే, ఒకసారి ఇలాంటి బిడ్డ పుట్టిన తల్లులకు మళ్లీ అలా జరిగే అవకాశం 72 శాతం తగ్గుతుందని 1991లో బ్రిటన్ వైద్య పరిశోధనా మండలి జరిపిన అధ్యయనం తేల్చింది. ఆ మాట చెప్పే డాక్టరు ఒకప్పుడు ఇలాంటి జార్ ముందు నిలబడినవారైతే గర్భిణికి చెప్పే తీరులో తేడా ఉంటుందని నేను నమ్ముతాను. ఇప్పుడు మూడో నెల దాటుతూనే స్కాన్‌లో ఇది తెలిసిపోతోంది కాబట్టి, నెలలు నిండిన ఇలాంటి స్పెసిమెన్ మళ్లీ దొరకడం కష్టం. మీ విభాగాధిపతి భయంలో ఇంత నిజం ఉంది.

అయితే ఆయన చెప్పిన మొదటి పనిని మాత్రం మీరు చేయకూడదు. పట్టీ తీయకండి. మిగతా విషయాల్లో మీకు దారులు చూపిస్తాను గానీ, ఇక్కడ ఒక్కచోట గట్టిగానే చెబుతున్నాను. ఆ శిశువుకూ బయటి లోకానికీ మిగిలిన ఒకే ఒక్క బంధం అది. డీఎన్‌ఏ పరీక్షతో ఎప్పుడైనా తెలుసుకోవచ్చులే అనుకోవడానికి లేదు. ఏళ్ల తరబడి ఫార్మలిన్‌లో ఉన్న కణజాలంలో డీఎన్‌ఏ ముక్కలుముక్కలై, ప్రోటీన్లతో పెనవేసుకుపోయి ఉంటుంది. దాన్నుంచి నమ్మదగ్గ ఫలితం రావడం చాలా కష్టం. పెన్సిల్ రాత మాత్రం నిలిచింది. పెన్సిల్‌లోని గ్రాఫైట్ నీటిలో, ఆల్కహాల్‌లో, ఫార్మలిన్‌లో దేనిలోనూ కరగదు. జార్ లోపల వేసే చీటీలు ఇప్పటికీ పెన్సిల్‌తో రాసేది అందుకే. కరగకపోయినా రాపిడికి చెరిగిపోతుంది కాబట్టి వేళ్లతో రుద్దవద్దు, నిఠారుగా లాగవద్దు. శిశువు చేతిని మీరు తిప్పిన భంగిమలోనే ఉంచి, పక్కన కొలబద్ద పెట్టి, నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీయించండి. ఆ ఫోటోలు విభాగం రికార్డులో సీల్ చేసి ఉండాలి, మీ ఫోన్‌లో కాదు.

పాత ద్రవాన్ని సింక్‌లో పారబోయకండి. పల్చటి గుడ్డలో వడకట్టి, అడుగున పేరుకున్న తెట్టును ఒక ట్రేలో ఆరబెట్టి చూడండి. ఊడిపోయిన చీటీ ముక్కో, దారపు పోగో, సంఖ్య చెక్కిన చిన్న రేకో అందులో దొరికే అవకాశం ఉంటుంది. ఒకసారి నాకు అలాగే ఒక రేకు దొరికి, ఏళ్లుగా తప్పు పేరుతో ఉన్న స్పెసిమెన్‌కు అసలు సంఖ్య తెలిసింది. జార్ ఇప్పుడు ఏ ద్రవంలో ఉందో తెలుసుకోకుండా కొత్తది కలపవద్దు. హైడ్రోమీటర్‌తో సాంద్రత చూడండి. నీటికంటే తేలిగ్గా ఉంటే ఆల్కహాల్, కొంచెం బరువుగా ఉంటే పలచని ఫార్మలిన్, బాగా బరువుగా ఉంటే గ్లిజరిన్ కలిసిన కైసర్లింగ్ ద్రవం అయివుండవచ్చు. ఫార్మలిన్‌లో ఉన్నదాన్ని ఒక్కసారిగా ఘాటైన ఆల్కహాల్‌లోకి మారిస్తే కణజాలం ముడుచుకుపోతుంది. మార్చాల్సి వస్తే గాఢతను మెట్లుమెట్లుగా పెంచుకుంటూ పోవాలి. ఆమ్లత పెరగకుండా బఫర్ చేయని పాత ఫార్మలిన్ క్రమంగా ఫార్మిక్ ఆమ్లంగా మారి ఎముకలోని సున్నాన్ని తినేస్తుంది. ఆలస్యం చేసినా స్పెసిమెన్‌కు నష్టమే, కాబట్టి మిగిలిన జార్ల పని ఆపవద్దు.

ఇంకొక మాట, మీకు మాత్రమే. ఫార్మలిన్‌లో ఉండే ఫార్మాల్డిహైడ్ మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2004లోనే నిర్ధారించింది. ఆవిరిని బయటికి లాగేసే హుడ్ లేని గదిలో ఒక్కరోజే 10 జార్లు తెరవకండి. మళ్లీ గర్భం గురించి ఆలోచిస్తూ ఉంటే ఈ పనిని ఇంకొకరికి అప్పగించమని అడగండి. కారణం చెప్పనక్కర్లేదు, రసాయనం పేరు చాలు.

ఇప్పుడు తల్లిని వెతకడం గురించి. మీ ముందు మూడు దారులు ఉన్నాయి, మూడింటిలోనూ ఎవరికో ఒకరికి నొప్పి తప్పదు.

మొదటిది, మీరే వెతకడం. పేరు, మంచం సంఖ్య ఉన్నాయి, ఆసుపత్రి పాత రికార్డుల గది ఉంది, అక్కడ తెలిసినవాళ్లూ ఉండి ఉంటారు. ఇది చేయవద్దని నా సలహా. రోగుల రికార్డులు మీ సొంత అన్వేషణకు తెరవదగినవి కావు. అదీగాక, ఒకరోజు మీరు ఫోన్ చేసి "మీ బిడ్డ మా దగ్గర ఉంది" అంటే అవతల ఫోన్ ఎత్తేది ఎవరో మీకు తెలియదు. ఆ ప్రసవం సంగతి ఆమె భర్తకు తప్ప ఎవరికీ తెలియకపోవచ్చు. ఆమె ఇప్పుడు ముసలితనంలో, ఆ బాధను ఎక్కడో పూడ్చుకుని బతుకుతూ ఉండవచ్చు.

రెండోది, సంస్థ తరఫున వెతకడం. ఎథిక్స్ కమిటీ అనుమతితో, ఆసుపత్రి రికార్డుల విభాగం ద్వారా, తొలి ఉత్తరంలో వివరాలేవీ లేకుండా "మీకు సంబంధించిన ఒక పాత వైద్య విషయం గురించి మాట్లాడాలని ఉంటే సంప్రదించండి, వద్దనుకుంటే మేము మళ్లీ రాయం" అని మాత్రం చెప్పే పద్ధతి. తలుపు తీయాలో వద్దో ఆమె చేతిలో ఉంటుంది. దీని కష్టం ఏమిటంటే, మొదలుపెడితే మధ్యలో ఆపడానికి వీల్లేదు. బ్రిటన్‌లోని ఆల్డర్ హే పిల్లల ఆసుపత్రిలో తల్లిదండ్రులకు తెలియకుండా పిల్లల అవయవాలను దాచుకున్నారని బయటపడి, 2001లో విచారణ నివేదిక వచ్చింది. దాచుకున్నారన్న నిజం ఎంత గాయపరిచిందో, దాన్ని తెలియజేసిన తీరు కూడా అంతే గాయపరిచింది. అవయవాలు విడతలవారీగా అందడంతో కొన్ని కుటుంబాలు ఒకే బిడ్డకు రెండుసార్లు, మూడుసార్లు అంత్యక్రియలు చేయాల్సి వచ్చింది. 2004లో బ్రిటన్ సమ్మతిని కేంద్రంగా చేసుకుని మానవ కణజాల చట్టం తెచ్చింది ఈ అనుభవం వల్లే. కాబట్టి మీ సంస్థ ఆ తల్లికి రాసేముందు, అదే శిశువు కణజాలంతో చేసిన స్లైడ్‌గానీ, మైనపు బ్లాక్‌గానీ పాథాలజీ విభాగంలో ఉందేమో కూడా వెతికి చూసుకోవాలి. చెబితే ఒక్కసారే, పూర్తిగా చెప్పాలి.

మూడోది, వెతకకుండా సిద్ధంగా ఉండటం. పేరు, సంఖ్య, ఫోటోలు, రిజిస్టర్ వివరాలు ఒక చోట భద్రంగా పెట్టి, ఎప్పుడైనా ఎవరైనా "మా బిడ్డ ఏమైంది" అని అడుగుతూ వస్తే ఆ రోజే జవాబు చెప్పగలిగేలా ఉంచడం. ఇందులో ఆమెను అనవసరంగా కలవరపెట్టడం ఉండదు, కానీ అడగాలని కూడా తెలియని తల్లికి ఈ దారి ఏమీ ఇవ్వదు. ప్రసవం జరిగి ఎన్నేళ్లయిందన్నదాన్ని బట్టి రెండో దారి, మూడో దారిలో ఒకటి ఎంచుకోవడం మంచిదని నాకు తోస్తోంది. ఆమె బతికుండే అవకాశం బాగా ఉన్నంత దగ్గరి కాలమైతే నేను రెండోదాని వైపే మొగ్గుతాను. ఏది ఎంచుకున్నా ఆ నిర్ణయం మీ ఒక్కరిదీ కాకూడదు.

మీ అటెండర్ గారి మాట చదివినప్పుడు నాకు ఆయన మీద గౌరవం కలిగింది. ఇన్నేళ్లు ఆ జార్ల మీది దుమ్ము తుడిచిన మనిషి ఆ శిశువును మనిషిగానే చూస్తున్నాడని తెలుస్తోంది. అయినా వద్దని చెప్పండి, ఆయనకు కృతజ్ఞతలు చెప్పి మరీ వద్దనండి. చట్టాలు ఒక్కోచోట ఒక్కోలా ఉన్నా, మానవ దేహాన్ని రహస్యంగా పూడ్చడం దాదాపు ఎక్కడైనా చిక్కే, ఆ చిక్కు వచ్చి పడేది ఉద్యోగం చివర్లో ఉన్న ఆయన మీద. అంతకంటే ముఖ్యమైన కారణం ఇంకొకటి ఉంది. జర్మనీలో నాజీల కాలంలో చంపబడినవారి మెదడు నమూనాలు మాక్స్ ప్లాంక్ సంస్థల సేకరణల్లో మిగిలిపోయాయి. 1990లో వాటిని మ్యూనిక్‌లోని ఒక శ్మశానంలో గౌరవంగానే ఖననం చేశారు. కానీ ఎవరెవరివో తేల్చకుండా చేశారు. ఆ తొందర మీద తరువాత తీవ్రమైన విమర్శ వచ్చింది. ఆ బాధితుల పేర్లు వెలికితీయడానికి 2017లో ప్రత్యేకంగా పరిశోధన మొదలుపెట్టాల్సి వచ్చింది. మీ జార్‌ను ఆ నేరాలతో పోల్చడం నా ఉద్దేశం కాదు. ఖననం చేసిన తరువాత ప్రశ్నలు అడగడం ఎంత కష్టమో చెప్పడానికే ఈ ఉదాహరణ. పట్టీ తీసేయడం ఎంత వెనక్కి తీసుకోలేని పనో, హడావుడిగా పూడ్చిపెట్టడం కూడా అంతే.

ఖననమో దహనమో చివరికి సరైన నిర్ణయం కావచ్చు. వెతికి ఏమీ దొరక్కపోతే, లేదా తల్లి దొరికి అదే కోరితే, సంస్థ అనుమతితో, పట్టీతో సహా, ఎక్కడ ఎప్పుడు చేశారో రాసి పెట్టి చేయండి. ఆ రోజు అటెండర్ గారిని కూడా పిలవండి. దానివల్ల పోయేది బోధనకు మళ్లీ దొరకని ఒక స్పెసిమెన్. ఆ నష్టం చిన్నది కాదని పైన చెప్పాను, దాన్ని విభాగం ఎదురుగా ఒప్పుకునే నిర్ణయం తీసుకోవాలి. ప్లాస్టినేషన్ చేయిస్తే సరిపోతుంది కదా అని మీ సహోద్యోగి అన్నారని రాశారు. 1977లో గుంటర్ ఫాన్ హాగెన్స్ కనిపెట్టిన ఆ పద్ధతిలో కణజాలంలోని నీటినీ కొవ్వునూ అసిటోన్‌తో తీసేసి, శూన్యంలో సిలికోన్‌తో నింపుతారు. వాసన ఉండదు, చేత్తో పట్టుకోవచ్చు. కానీ సమ్మతి ఉందా అన్న ప్రశ్నకు అది జవాబు కాదు, పైగా ఆ ప్రక్రియలో పట్టీ ఏమవుతుందో చెప్పలేం. ఇప్పుడున్న స్థితిలో నేనైతే దాని జోలికి వెళ్లను.

రెండు నెలల్లో రాబోతున్న ప్రదర్శన గురించి మీరు ఎక్కువగా కంగారుపడుతున్నారు గానీ, నాలుగు ప్రశ్నల్లో ఇదే తేలికైనది. తరగతి కోసం ఉంచడం, ప్రజలకు చూపించడం ఒకటి కాదు. 1783లో చనిపోయిన చార్లెస్ బర్న్ అనే అసాధారణమైన పొడగరి తన శరీరం వైద్యుల చేతికి చిక్కకూడదని, సముద్రంలో సమాధి చేయాలని కోరుకున్నాడు. అయినా శస్త్రవైద్యుడు జాన్ హంటర్ దాన్ని సంపాదించి అస్థిపంజరంగా నిలబెట్టాడు. రెండు శతాబ్దాలకు పైగా అది లండన్‌లోని హంటేరియన్ మ్యూజియంలో జనానికి కనిపించింది. ఆ మ్యూజియం మరమ్మతుల తరువాత 2023లో మళ్లీ తెరిచినప్పుడు అస్థిపంజరాన్ని ప్రదర్శన నుంచి తప్పించారు, పరిశోధన కోసం మాత్రం అట్టేపెట్టుకున్నారు. సగం పనే చేశారని కొందరు అంటారు, నాకూ అలాగే అనిపిస్తుంది. అయినా మీ చేతిలో ఉన్న రెండు నెలల్లో అలాంటి సగం పని ఎంతో విలువైనది. 87వ జార్‌ను, వీలైతే శిశువుల అర మొత్తాన్ని, తాళం వేసిన లోపలి గదిలోకి మార్చండి. పిల్లలు చూసి నేర్చుకోవడానికి గుండె, ఊపిరితిత్తులు, ఎముకలు, మెదడు చాలు. ఫోన్లు బయట పెట్టి రమ్మనండి. వచ్చే జనంలో బిడ్డను పోగొట్టుకున్న తల్లి ఉండదని ఎవరూ హామీ ఇవ్వలేరని మీ విభాగాధిపతికి చెబితే, ఆయన కాదనరని అనుకుంటున్నాను.

ఆయనతో వాదించకండి. ఆయన భయపడుతున్నది మ్యూజియం ఖాళీ అవుతుందని, మీరు అడుగుతున్నది ఒక్క జార్ గురించి. ఆ తేడా కాగితం మీద కనిపించేలా చిన్న నోట్ రాసి ఇవ్వండి: "87వ జార్‌లోని స్పెసిమెన్‌కు గుర్తింపు పట్టీ ఉన్నట్టు గమనించాను. పట్టీని యథాతథంగా ఉంచి, ఎథిక్స్ కమిటీ అభిప్రాయం వచ్చేవరకు జార్‌ను ప్రదర్శన నుంచి తప్పించడానికి అనుమతి కోరుతున్నాను. మిగిలిన జార్ల ద్రవం మార్చే పని కొనసాగిస్తాను." అందులో ఎవరి తప్పూ ఎత్తిచూపవద్దు. ఆయన నోటితో కాదంటే, అదే మాట నోట్ మీద రాయమని మర్యాదగా అడగండి. అలా రాయడానికి చాలామంది వెనుకాడతారు. సహోద్యోగుల్లో మీమీద చిరాకు రావచ్చు, కొత్తగా వచ్చి పాత కుండలు కదుపుతోందన్న మాట వినపడవచ్చు. అది మీరు భరించాల్సిన ఖర్చు, దాచి చెప్పను.

శిశువుల అర బాధ్యతను ఇంకొకరికి అప్పగించే దారి కూడా ఉందని మరిచిపోకండి. అలా చేస్తే మీకు ఊపిరి ఆడుతుంది. కానీ తరువాత వచ్చేవారు పట్టీని చూస్తారా లేదా అన్నది మీ చేతిలో ఉండదు. అందుకని అప్పగించేటప్పుడు నోట్ కాపీ కూడా జతచేయండి. లేదా ఆ అర దగ్గర ఒక్కరే పనిచేయకుండా ఎవరినైనా తోడు ఉండమనండి. మీ బిడ్డ గురించి మాట్లాడుకోవడానికి జార్లతో సంబంధం లేని మనిషి ఒకరు, కౌన్సెలర్ అయితే మరీ మంచిది, మీకు ఇప్పుడు అవసరమని మీ ఉత్తరం చివరి పేజీ చదివితే అర్థమవుతోంది.

ఇవన్నీ జరగడానికి వారాలు పడుతుంది. రేపు పొద్దున మాత్రం రిజిస్టర్ తెరిచి, 87 ఎదురుగా ఉన్న ఖాళీలో పెన్సిల్‌తోనే రాయండి: "ఆడశిశువు, నెలలు నిండినది, అనెన్‌సెఫలీ. కుడి మణికట్టుకు గుడ్డ పట్టీ, రెండు కుట్లు, తల్లి పేరు ఉంది. పట్టీ తీయరాదు." కింద తేదీ వేసి, సంతకం చేయండి. తల్లి పేరు ఆ పేజీలో రాయకండి, అది సీల్ చేసిన కవర్‌లో ఉండాలి.